వాచకంలో శాస్త్రవేత్త, వాడలో పాఠకుడు

హైస్కూలు ఇంగ్లీషు వాచకాలు తిరగేస్తే శాస్త్రవేత్త పాఠం ఒకటి ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఆయన పేద ఇంట్లో పుట్టాడు, కష్టపడి చదివాడు, ఏదో కనిపెట్టాడు, లోకం మెచ్చుకుంది. పాఠం చివర ఖాళీలు పూరించమంటారు, వ్యతిరేక పదాలు రాయమంటారు. హాస్టళ్లలో సాయంత్రం స్టడీ అవర్లో పిల్లలు ఈ పాఠాన్నే గొంతెత్తి చదువుతారు. మేమూ అట్లా చదివినోళ్లమే. నోరు తిరగడం కోసం చదివాం. ఆ పాఠంలోని మనిషి తాను ఎట్లా చదువు నేర్చుకున్నాడో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఆయనకు మొదటి పుస్తకం ఎవరిచ్చారు? ఏ బడి తలుపు మూసింది? ఎవరి పక్కన కూర్చోనిచ్చారు, ఎవరి పక్కన అన్నం తిననివ్వలేదు? పాఠం కింద ఈ ప్రశ్నలు ఉండవు. ఇవి లేకపోతే మిగిలేది ఒక్కటే నీతి: కష్టపడితే ఎవరైనా పైకొస్తారు. పదో తరగతి చదివే కూలోళ్ల పిల్ల ఈ నీతిని తన ఇంటికి తీసుకుపోతే ఏమవుతుంది? పొద్దంతా నాట్లేసి నడుం విరిగి వచ్చిన తల్లిని చూసి, ఈమె పైకి రాలేదంటే కష్టపడలేదన్నమాట అనుకోవాలా? ప్రతిభ, మెరిట్ అనే మాటల పునాది ఇక్కడే పడుతుంది. అందుకే శాస్త్రవేత్తల కథల్లోకి వాళ్ల చదువు చరిత్రను మళ్లీ తెచ్చుకోవాలంటున్నాం.

తలుపు దగ్గరి చరిత్ర

ముందు మన సంగతి చెప్పుకుందాం. 1835 ఫిబ్రవరి 2న మెకాలే తన విద్యా నివేదిక రాశాడు. అది పైకులాల గుమస్తాలను తయారుచేసుకునే పథకమన్న విమర్శలో నిజముంది. మెకాలేకు మన మీద ప్రేమేమీ లేదు. కానీ సర్కారు బడి అనేది ఒకటి వచ్చాక దాని తలుపు తట్టొచ్చని మనవాళ్లకు తోచింది. 1856 జూన్‌లో ధార్వాడలో ఒక మహర్ బాలుడు తనను సర్కారు బడిలో చేర్చుకోలేదని బొంబాయి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. న్యాయం ఆ పిల్లవాడి వైపే ఉందని ప్రభుత్వం ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, ఒక్కడి కోసం బడి మిగతావాళ్లకు పనికిరాకుండా పోతుందని చేతులు దులుపుకుంది. ఈ ఉదంతాన్ని తరవాత కాలంలో అంబేద్కర్ ఎత్తి చూపారు.

అంతకు ఏడాది ముందు, 1855లో, పూనాలో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తా సాల్వే అనే మాంగ్ అమ్మాయి మహర్ మాంగుల దుఃఖం గురించి మరాఠీలో వ్యాసం రాసింది. వేదాలు మీవే అయితే మా గ్రంథం ఏదన్నది ఆ వ్యాసంలోని సారాంశం. మన పిల్లల రాత చరిత్ర అంత పాతది.

తెలుగు నేల మీద ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెల్లో 1870లలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ బడులు నడిచాయి. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి మన పిల్లల కోసం బడులు పెట్టారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేద్కర్‌ను సంస్కృతం తీసుకోనివ్వలేదు. ఆయన పర్షియన్ తీసుకుని 1907లో మెట్రిక్ పాసయ్యారు. అదే బడిలో లెక్క చేయడానికి మాష్టారు ఆయన్ని నల్లబల్ల దగ్గరికి పిలిస్తే, బల్ల వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు ఉరికురికి తీసుకున్నారు. లెక్క తెలిసినవాడికీ నల్లబల్లకీ మధ్య అన్నం డబ్బా ఉంది. మన దేశంలో శాస్త్ర విజ్ఞానం చరిత్ర రాసేటప్పుడు ఆ డబ్బాను పక్కన పెట్టడానికి వీల్లేదు.

కమ్మరి కొడుకు ఇంగ్లీషు

ఇప్పుడు ఇంగ్లీషు వాళ్ల దేశానికే పోదాం. మైకేల్ ఫారడే 1791లో లండన్ దగ్గర ఒక కమ్మరి ఇంట్లో పుట్టాడు. బడి చదువు అంతంతమాత్రం. 13 ఏళ్లకు రీబో అనే ఆయన పుస్తకాల దుకాణంలో చిల్లర పనులకు కుదిరి, తరవాత ఏడేళ్లు అక్కడే బైండింగు పని నేర్చుకున్నాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టే ముందు చదివేవాడు. విద్యుత్తు గురించి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో చదివాడు. రసాయన శాస్త్రాన్ని సంభాషణల రూపంలో చెప్పిన జేన్ మార్సెట్ పుస్తకం చదివాడు. మార్సెట్ ఒక స్త్రీ. ఆడవాళ్లు, చదువు తక్కువ వాళ్లు కూడా అర్థం చేసుకునేట్టు ఆమె రాసిన పుస్తకమే ఆ కుర్రవాడిని పట్టుకుంది.

1812లో దుకాణానికి వచ్చే ఒక ఖాతాదారు టిక్కెట్లిస్తే హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విన్నది రాసి, తన చేతులతోనే బైండు చేసి డేవీకి పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి ఉద్యోగం వచ్చింది. ఆ ఏడే డేవీ దంపతులతో ఐరోపా యాత్రకు పోతే అక్కడ నౌకరు పనీ చేయాల్సి వచ్చింది. డేవీ భార్య ఆయన్ని పనివాళ్లతో కలిసి తినమనేది. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టిన మనిషి సంగతి ఇది.

ఇందులో మన పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన విషయం ఇంకొకటుంది. ఫారడే పుట్టిందే ఇంగ్లీషులో. అయినా తన మాటా రాతా సరిగ్గా లేవని మాగ్రాత్ అనే మిత్రుడి దగ్గర కూర్చుని ఇంగ్లీషు దిద్దించుకున్నాడు. అంటే పెద్దమనుషుల ఇంగ్లీషు కమ్మరి కొడుక్కి కూడా తల్లిభాష కాదు. తరగతిలో లేచి ఒక పేరా చదివితే ఉచ్చారణకు నవ్వించుకున్న వాళ్లం మాలో చాలామందిమి ఉన్నాం. ఆ నవ్వు భాష గురించి కాదని ఫారడే కథ చెబుతుంది. అదే ఫారడే, పిల్లల కోసం 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాల్లో ఏళ్ల తరబడి మాట్లాడాడు. కొవ్వొత్తి ఎట్లా మండుతుందన్నదే వస్తువుగా ఆయన చెప్పిన ఉపన్యాసాలు 1861లో పుస్తకమయ్యాయి. ఇంట్లో దీపాన్ని చూసి సైన్సు చెప్పగలిగిన మనిషి దుకాణంలో చదువుకున్నవాడు కావడంలో ఆశ్చర్యం లేదు.

వేరుశనగ వెనక మనిషి

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ గురించి పాఠమంటే వేరుశనగ పాఠమే. వేరుశనగతో వందల వస్తువులు చేశాడంటారు. వేరుశనగ వెన్నను కూడా ఆయనే కనిపెట్టాడని రాస్తారు, అది నిజం కాదు. ఆయన చదువు కథను మాత్రం రెండు వాక్యాల్లో తేల్చేస్తారు.

కార్వర్ 1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో బానిసగా పుట్టారు. నల్లవాళ్లకు చదవడం, రాయడం నేర్పే బడి పెట్టకూడదని ఆ రాష్ట్రం 1847లోనే చట్టం చేసింది. మన దగ్గర స్మృతులు చేసిన పనిని అక్కడ శాసనసభ చేసింది. తల్లిని దోపిడీ ముఠా ఎత్తుకుపోయింది. బానిసత్వం పోయాక యజమాని భార్య అక్షరాలు నేర్పింది. దగ్గరి బడి తెల్లవాళ్లది, అందుకని నల్లపిల్లల బడి కోసం నియోషో అనే ఊరికి పోయారు. కాన్సాస్‌లో ఒక కాలేజీ ఉత్తరం ద్వారా సీటిచ్చి, మనిషిని చూశాక రావొద్దంది. ఈ అనుభవం మనకు కొత్త కాదు. కాగితం మీద పేరు చూసినప్పుడు దొరికిన అద్దె గది, ఏ వాడ అని అడిగాక దొరకకుండా పోవడం మనకు తెలుసు.

బట్టలుతికి బతుకుతూ చదివి 1894లో అయోవా వ్యవసాయ కళాశాలలో పట్టా, 1896లో ఎం.ఎస్. తీసుకున్నారు. ఆ ఏడే బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు మీద టస్కెగీకి పోయారు. అక్కడ 1898 నుంచి పేద నల్ల రైతుల కోసం చిన్న చిన్న పుస్తకాలు రాశారు. పత్తి పీల్చేసిన నేలను ఎట్లా బాగుచేసుకోవాలి, ఏ పంట వేసుకోవాలి, దాన్ని ఎట్లా వండుకోవాలి అని తేలిక ఇంగ్లీషులో చెప్పారు. చదువు నిషేధించిన జాతికి చదువుకునే పుస్తకం రాసి ఇవ్వడం ఆయన చేసిన పెద్ద పని. వాచకం వేరుశనగను ఉంచుకుని ఆ పుస్తకాలను పారేసింది.

హాస్టలు పంక్తి

మేఘనాథ్ సాహా 1893లో ఢాకా జిల్లా శియోరాతలి అనే పల్లెలో చిన్న కిరాణా కొట్టు నడిపే ఇంట్లో పుట్టారు. ఊళ్లో పైచదువుకు బడి లేదు. పొరుగూరి వైద్యుడు అనంతకుమార్ దాస్ తన ఇంట్లో ఉంచుకున్నారు. ఎవరి కంచం వాళ్లే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి, ఇవీ షరతులు. 1905లో ఢాకాలో గవర్నరు ఫుల్లర్ రాకకు నిరసన తెలిపిన పిల్లల్లో ఉన్నందుకు స్కాలర్‌షిప్ పోయింది, బడి మారాల్సి వచ్చింది. 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వస్తే హిందూ హాస్టల్లో పైకులాల పిల్లలు ఆయనతో ఒకే పంక్తిలో తినడానికి ఒప్పుకోలేదు. సరస్వతీ పూజ దగ్గరా ఆయన్ని దూరం పెట్టారు. చదువుల తల్లి దగ్గరే చదువుకున్నవాడికి చోటు లేదు.

1920లో నక్షత్రాల కాంతిని అర్థం చేసుకోవడానికి దారి తీసిన అయనీకరణ సమీకరణం ఆయన పేరుతో వచ్చింది. అదే ఏడాది సత్యేంద్రనాథ్ బోస్‌తో కలిసి ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల సాపేక్షతా పత్రాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చి అచ్చు వేయించారు. ఎవరో ఇచ్చిన ఇంగ్లీషును చదివి ఊరుకోకుండా, తానే ఇంగ్లీషులో ఇతరులకు చదువు పెట్టారు. సాహా అంటరాని కులంలో పుట్టలేదు గదా, మనవాడెట్లా అవుతాడని కొందరు మిత్రులు అడగొచ్చు. నిజమే, వెలివాడ అనుభవం ఆయనది కాదు. కానీ పంక్తి నుంచి లేపిన అనుభవం ఆయనదే. ఆయన్ని మన జాబితాలో చేర్చుకోవడం కంటే, ఆ పంక్తి గురించి వాచకం ఎందుకు మాట్లాడదో అడగడం మనకు ముఖ్యం.

వాచకం ఒక్కోసారి మాట్లాడుతుంది కూడా. 2006లో ఎన్.సి.ఇ.ఆర్.టి. తెచ్చిన తొమ్మిదో తరగతి ఇంగ్లీషు వాచకంలో అబ్దుల్ కలాం బాల్యం గురించిన పాఠం ఉంది. పురోహితుడి కొడుకు పక్కన ముస్లిం పిల్లవాడు కూర్చున్నాడని కొత్త మాష్టారు కలాంను వెనక బెంచీకి పంపడం, సైన్సు మాష్టారు అయ్యర్ ఇంట్లో భోజనం దగ్గర ఆయన భార్య వడ్డించనని అనడం, అయ్యర్ తానే వడ్డించి పక్కన కూర్చుని తినడం అందులో ఉన్నాయి. ఇంత చెప్పడం మెచ్చుకోవాల్సిందే. అయినా ఆ కథలో మార్పు పైవాళ్ల మంచి మనసు నుంచే వస్తుంది. ఆ ఊరి దళిత పిల్లలు ఆ తరగతిలో ఎక్కడ కూర్చున్నారు? అసలు ఉన్నారా? ఈ ప్రశ్నను పాఠం పక్కన మాష్టారే వేయాలి.

సంస్కృతి ఎవరిది

సైన్సు పాఠం అయ్యాక సంస్కృతి పాఠం వస్తుంది. గుళ్లు, పండగలు, నాట్యం. మన వాడ సంస్కృతి పని సంస్కృతి. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీసి, తంగేడు చెక్క రసంలో ఊరబెట్టి, కుళ్లకుండా చేసిన లంద దగ్గరి మనిషికి రసాయన శాస్త్రం తెలియదని ఎట్లా అంటాం? కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' ఈ పని చేసింది. తోలుపని, కుండ, నేత, బట్టలుతకడం, క్షవరం, వీటన్నిటిలో ఉన్న విజ్ఞానాన్ని చెప్పింది. బొమ్మలు వేసిన దుర్గాబాయి వ్యామ్ గోండు చిత్రకారిణి. శాస్త్రవేత్తా, సంస్కృతీ రెండూ కలిసిన ఇంగ్లీషు వాచకం అట్లా ఉండాలి.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్లలో ఇంగ్లీషు మాధ్యమం ప్రకటిస్తే 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. తెలంగాణ సర్కారు బళ్లలో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మన పిల్లలకు మాతృభాష గొప్పతనం బోధించే పెద్దలతో మాకు పేచీ ఉంది. ఇంగ్లీషు మనకు కావాల్సిందే. కానీ అర్థం కాని పేరాను వందసార్లు వల్లించడం ఇంగ్లీషు చదువు కాదు, అది పాత సంతపాఠమే.

గుంటూరు నుంచి వచ్చి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనల్ని వదిలి వెళ్లిపోయాడు. ఆయన చివరి ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. కార్ల్ సేగన్ లాగా విజ్ఞాన రచయిత కావాలనుకున్నానని అందులో రాసుకున్నాడు. ఆయన రాయాల్సిన పుస్తకం మన పిల్లల చేతికి రాలేదు. ఇంగ్లీషు పాఠం గురించి మేము ఇంత మాట్లాడేది అందుకే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. శాస్త్రవేత్త పాఠాన్ని మూడుసార్లు చదివించండి. మొదటిసారి గొంతు కోసం, ఎవరూ ఎవర్నీ చూసి నవ్వకుండా. రెండోసారి ఎవరు పుస్తకమిచ్చారు, ఎవరు తలుపు మూశారు అని వెతకడం కోసం. వాచకంలో జవాబు లేకపోతే లేదని పిల్లలతోనే రాయించండి. ముందు తెలుగులో మాట్లాడనివ్వండి, తరవాత ఇంగ్లీషులో రాస్తారు. మూడోసారి చదివాక ఇంటికి పంపి, అమ్మమ్మనో తాతనో వాళ్లు చేసిన పని గురించి అడిగి, పది తేలిక వాక్యాల్లో రాసుకు రమ్మనండి. తప్పులుంటాయి. దిద్దుకోవచ్చు, ఫారడే కూడా దిద్దించుకున్నాడు.