సుమారు

"సభకు సుమారు వంద మంది వచ్చారు" అంటే తొంభై కావచ్చు, నూటపదీ కావచ్చు. తలలు ఎంచలేదని ముందే ఒప్పేసుకునే మాట ఇది. అయితే ఇది పుట్టింది మాత్రం ఎంచడంలోనే. ఫారసీలో షుమార్ అంటే లెక్క. ఎంచలేనన్ని ఉంటే బేషుమార్. జనగణనను ఉర్దూలో ఇప్పటికీ మర్దుమ్ షుమారీ అంటారు, అంటే మనుషుల లెక్క. కన్నడంలో అది ఖానేషుమారి, మరాఠీలో ఖానేసుమారీ. ఖానా అంటే ఇల్లు.

లెక్క కాస్తా అంచనాగా ఎలా జారిందో నా ఊహ ఇది: "లెక్కకు వంద ఉంటాయి" అని నోటితో చెప్పేవాడు ఎంచి చెప్పడు. తమిళులు మరో అడుగు వేశారు. సినిమా సుమార్ అంటే అంతంతమాత్రం అని వాళ్ల తీర్పు.

జనగణన పడే తంటాలన్నీ ఈ జారుడును వెనక్కి లాగడానికే. 1872లో ప్రకటించిన మొదటి లెక్కలు ఒక్కో ప్రాంతంలో ఒక్కోసారి తీసినవి. ఈ లోపల మనుషులు ఊళ్లు మారరా? అందుకే 1881లో దేశానికంతటికీ ఒకే తేదీ పెట్టారు, ఫిబ్రవరి 17. ఆ పట్టుదల ఇంకా సడలలేదు. 2011లో మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రే గీటురాయి. ఎన్యూమరేటర్లు ఫిబ్రవరి 9 నుంచి ఇల్లిల్లూ తిరిగారు. ఇల్లు లేనివాళ్లను 28 రాత్రి లెక్కపెట్టారు. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ అవే గడపలు తొక్కారు. అర్ధరాత్రికి ముందు కన్నుమూసినవారి పేరు కొట్టేయాలి. ఆ తర్వాత పుట్టిన పసిగుడ్డు లెక్కలోకి రాదు. ఇంత నిక్కచ్చితనం మన ప్రభుత్వ వ్యవహారాల్లో ఇంకెక్కడా నాకు కనిపించదు.

వయసు గడి దగ్గరికొచ్చేసరికి సుమారు మళ్లీ తలెత్తుతుంది. "వయసెంత తాతా?" అంటే "అరవై ఉంటాయిలే నాయనా" అని జవాబు. యాభై తొమ్మిది ఎవరూ చెప్పరు. సున్నాతోనో అయిదుతోనో ముగిసే వయసుల దగ్గర జనం గుట్టగా పోగుపడటం లెక్కల పట్టికల్లో ఏనాటి నుంచో ఉన్నదే. దివిసీమ ఉప్పెన నాటికి పెళ్లయిందా లేదా అని అడిగితేగానీ కొందరి వయసు తేలదు.

లెక్క ముగిశాక దాన్నే తనిఖీ చేసే సర్వే ఒకటుంది. 2011లో వెయ్యికి 23 మంది చొప్పున జారిపోయారని అదే తేల్చింది. 121 కోట్ల మీద అది సుమారు 2.8 కోట్లు. ఇక్కడ ఆ మాట వాడక తప్పలేదు.

2011లో ఎంచింది ఉమ్మడి రాష్ట్రాన్ని, 8.46 కోట్ల మందిని. 2014లో రాష్ట్రం విడిపోయింది, 2021లో జరగాల్సిన గణన కోవిడ్‌తో ఆగింది. కొత్త గణనకు గీటురాయి 2027 మార్చి 1. అప్పటిదాకా తెలంగాణ జనమెంత, ఆంధ్ర జనమెంత అని ఎవరడిగినా, ఏ మంత్రి ఏ వేదికెక్కి చెప్పినా, అంకెకు ముందు సుమారు ఉండాల్సిందే.