ఖనిజ ప్రతిరూపాలలో కలప: దిగువ కృష్ణా డెల్టా చరిత్రకు ఒక ఆధారం

దిగువ కృష్ణా డెల్టా చరిత్రను మనం ప్రధానంగా రాతి నుంచీ రాత నుంచీ చదువుతున్నాం. ఘంటసాల, గుడివాడ బౌద్ధ శిథిలాలను అలెగ్జాండర్ రే 1894 నాటి గ్రంథంలో వివరించాడు. టాలెమీ పేర్కొన్న ‘కొంటకోసిల’ రేవు ఘంటసాలేనని పండితుల అభిప్రాయం. మచిలీపట్నంలో ఆంగ్లేయుల వర్తక స్థావరం 1611లో ఏర్పడింది. రేవుకు ఓడ, ఓడకు కలప ఆధారం. అయితే గాలి సోకే తేమ నేలలో కలప సాధారణంగా ఎక్కువకాలం నిలవదు. అది ఏ చెట్టుదో తెలిపే సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

రాతిలో మిగిలిన వృక్షావశేషాలన్నీ ఒక్క తీరువి కావు. నూజివీడు సమీపాన గొల్లపల్లి ఇసుకరాళ్లలోని వృక్షశిలాజాలను ఫైస్ట్‌మాంటెల్ 1877లో వర్ణించాడు. అవి ప్రధానంగా ఆకుల ముద్రలు; రూపాన్ని చూపుతాయి, లోపలి కణనిర్మాణాన్ని చూపవు. ఖనిజం కణాలలోకి ఇంకి గట్టిపడినప్పుడు ఆ నిర్మాణం నిలుస్తుంది. రాయిగా మారిన కలపలోనూ మామూలు కలపలోని సూక్ష్మరంధ్రాలే కనిపిస్తాయని రాబర్ట్ హుక్ 1665లోనే గమనించాడు.

శిలాజానికి యుగాలు పడితే, ఇనుప మేకు చుట్టూ ఇదే మార్పు చాలా త్వరగా జరుగుతుంది. తుప్పు నుంచి వెలువడిన ఇనుప లవణాలు పక్కనున్న కలప కణాలలోకి చేరతాయి. కలప కుళ్లిపోయినా దాని అచ్చు తుప్పులో మిగులుతుంది. ఇటువంటి అచ్చులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించే విధానాన్ని కరోల్ కీపాక్స్ 1975లో వివరించారు. దారునాళాల అమరిక, దవ్వరేఖల వెడల్పు చెట్టు జాతిని గుర్తించడానికి తోడ్పడతాయి. టేకులో ఏటేటా వలయారంభంలో పెద్ద నాళాలు వరుసతీరుతాయి. మామిడిలో అవి వలయమంతటా చెదిరి ఉంటాయి.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. కోరమండల తీరపు మసులా పడవల పలకలను మేకులతో బిగించరు, కొబ్బరి తాళ్లతో కుడతారు; వాటి విషయంలో తుప్పు ఏమీ చెప్పదు. చెట్టు జాతి తెలిసినంత మాత్రాన అది పెరిగిన అడవి తెలియదు. ఆ నిర్ణయానికి వర్తక పత్రాల సాక్ష్యం కూడా కావాలి.

అయినా ఒక కర్తవ్యం స్పష్టం. తవ్వకాలలో దొరికిన మేకును శుభ్రం చేయడమంటే సాధారణంగా తుప్పును గీకివేయడమే. ఆ తుప్పుతో పాటు కలప చరిత్రా పోతుంది. కనుక శుభ్రపరచడానికి ముందే దాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి నమోదు చేయాలి. శాసనాన్ని కడిగే ముందు అక్షరాలు చెరగకుండా చూసుకునే జాగ్రత్త తుప్పు పట్టిన మేకుకూ అవసరం.