రెండో అర్జీ

హైదరాబాద్ రాయదుర్గంలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో రైలు మారి, గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లో దిగండి. గేటు దగ్గర ఎక్స్‌రే కవర్లు, టిఫిన్ క్యారియర్లు పట్టుకుని రోగుల బంధువులు కనిపిస్తారు. ఒకప్పుడు ఈ నేల మీద ముషీరాబాద్ జైలుండేది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబర్ 1న, ఆదిలాబాద్ రైతాంగ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను అక్కడే ఉరితీశారు.

వాళ్ల ప్రాణం కోసం న్యాయవాది కన్నబిరాన్ కోర్టు గడప పదేపదే తొక్కారు. చివరికి సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం జోక్యానికి ఒప్పుకోలేదు. ఎంత పెద్ద పదవిలో ఉన్నవారైనా అధికారాన్ని సద్బుద్ధితో వాడాలని మాత్రం ఆ తీర్పు చెప్పింది. ఉరికొయ్య ముందు ఆ మాట అక్కరకు రాలేదు.

శిక్ష ఖరారయ్యాక మళ్లీ కోర్టుకెళ్లడమంటే కాలయాపన అని చాలామంది విసుక్కుంటారు. అమెరికా 1996లో దానికి గట్టి గొళ్లెమే పెట్టింది. ఫెడరల్ ఖైదీ శిక్షను రెండోసారి సవాలు చేయాలంటే ముందుగా అప్పీలు కోర్టు అనుమతి కావాలి. నిర్దోషిత్వాన్ని చాటగల కొత్త సాక్ష్యమో, పాత కేసులకూ వర్తించే కొత్త రాజ్యాంగ సూత్రమో చూపించాలి. మన దగ్గరా రివ్యూ పిటిషన్ ఒక్కసారే. అదీ పోయాక, 2002 నుంచి క్యూరేటివ్ పిటిషన్ అనే సన్నని సందు మిగిలింది. దానికి సీనియర్ న్యాయవాది ధ్రువీకరణ తప్పనిసరి. మరణశిక్ష కేసుల్లో రివ్యూను బహిరంగ కోర్టులో వినాలన్న నియమం 2014లో గానీ రాలేదు.

ఆ సందు కూడా లేని రోజుల్లోనే చిలకలూరిపేట కేసు నడిచింది. 1993 మార్చి 8న బస్సు తగలబడి 23 మంది కాలిపోయారు. ఆ కుటుంబాల దుఃఖం ముందు ఏ వాదనా నిలవదు. అయినా ఆ కేసులో ఉరిశిక్ష పడిన ఇద్దరు దళిత యువకుల కోసం తెలుగునాట హక్కుల సంఘాలు వీధికెక్కాయి. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. 1997లో ఉరి దగ్గరపడ్డాక సుప్రీంకోర్టు ఆపింది. రాష్ట్రపతి భవన్‌కు మళ్లీ అర్జీ వెళ్లింది. నేరం అదే, ఖైదీలు వాళ్లే. ఈసారి దాన్ని చదివింది కొత్త రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్. 1998లో ఆయన ఉరిని యావజ్జీవంగా మార్చారు.