చెవిలో కట్టిన రంగస్థలం

జీడిమెట్లలో మన బడి చుట్టుపక్కల ఇళ్ళలో ఆదివారం మధ్యాహ్నం రేడియో నాటకం మొదలైతే మా గోళీలాట ఆగిపోయేది. మేము వింటున్నది కథే అనుకున్నాం. దాని వెనక ఎన్ని ప్రయోగాలున్నాయో తర్వాత తెలిసింది.

మద్రాసు రేడియో కేంద్రం 1938లో మొదలైంది. హైదరాబాదులో 1935 నుంచి ఉన్న దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. టేపు రాని రోజుల్లో నాటకాలు ప్రత్యక్షంగానే ప్రసారమయ్యేవి. నటులు, వాద్యకారులు ఒకే సమయానికి సిద్ధంగా ఉండాలి. ఎవరికైనా మాట తడబడితే పక్కవారు అప్పటికప్పుడు ఏదో అల్లి కథను నిలబెట్టాలి.

రంగస్థలంపై కృతకంగా తోచే స్వగతం మైకు ముందు సహజమైంది. పాత్ర మనసు నేరుగా మన చెవిలో మాట్లాడుతుంది. శ్రీశ్రీ కలకూ మెలకువకూ హద్దు చెరిపే రేడియో నాటికలు రాశారు. చలం ‘పురూరవ’ను హైదరాబాదు కేంద్రం ప్రసారం చేసినప్పుడు ఊర్వశి అందాన్నంతా శారదా శ్రీనివాసన్ గొంతే మోసింది.

ఇంగ్లండులోనూ ఇదే తపన. 1957లో బీబీసీ శామ్యూల్ బెకెట్ ‘ఆల్ దట్ ఫాల్’ ప్రసారం చేసినప్పుడు పశువుల అరుపులు మనుషులే చేశారు. మరుసటి ఏడాది అక్కడ శబ్ద ప్రయోగాలకే ఒక విభాగం వెలిసింది.

మన ప్రత్యక్ష ప్రసారాల్లో చాలావాటికి రికార్డు మిగల్లేదు. విన్నవారి జ్ఞాపకమే వాటి భాండాగారం. ఈ స్వర్ణోత్సవంలో మన గురువులను ఒక్క మాట అడుగుదాం: ‘మీరు మరువలేని రేడియో నాటకం ఏది, సార్?’ వారు చెబుతుంటే ఫోనులో రికార్డు చేసుకుందాం. ఈసారైనా ఆ గొంతులు గాలిలో కలిసిపోకూడదు.