రక్షణ లెక్కకు రాని పుణ్యం

1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి పోల్, బోత్‌మన్ అనే ఇద్దరు లూథరన్ మిషనరీలు బస్తరుకని బయలుదేరి, అక్కడ చోటు దొరక్క జయపురం సంస్థానం వైపు మళ్లారు. అరకుకు ఉత్తరాన ఉన్న సాలూరు, కోరాపుట్‌లలో మిషన్ పాతుకుంది. మనిషి విశ్వాసం వల్లే నీతిమంతుడవుతాడు, క్రియల వల్ల కాదన్నది వాళ్ల మతానికి పునాది. క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు పత్రికను లూథర్ గడ్డికింద జమకట్టాడు కూడా. అయినా మన్యం జ్వరాలకు మనుషులు రాలిపోతున్నా బళ్లు పెట్టిందీ, సాలూరులో కుష్ఠురోగులకు ఆసుపత్రి కట్టిందీ వీళ్లే. ఇందులో వాళ్లకు వైరుధ్యమేమీ కనిపించలేదు: మంచిపని విశ్వాసమనే చెట్టుకు కాసే పండే గాని, రక్షణకు చెల్లించే వెల కాదు.

మరి ఆ చెట్టే లేనిచోట కాసిన పండు మాటేమిటి?

అదే కాలంలో పర్లాకిమిడి బడిపంతులు గిడుగు రామమూర్తి ఆ కొండల్లోని సవర గిరిజనుల భాషకు చిక్కాడు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ల తరబడి మాటలు కూడబెట్టాడు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాడు. కొండల్లో తిరుగుతూ జ్వరానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసింది. మాట వినడమే పనిగా పెట్టుకున్నవాడికి చెవులు పోవడం! అయినా 1931లో సవర వ్యాకరణం అచ్చయింది, తరవాత నిఘంటువూ వచ్చింది. బాప్తిస్మం పుచ్చుకోని ఈ బ్రాహ్మణుడి శ్రమ, బ్రెక్లుమ్ వారి లెక్కలో పరలోకానికి చెల్లదు. నా లెక్కలో మాత్రం ఆ కొండల్లో అంతకు మించిన సేవ అరుదు.

వెరియర్ ఎల్విన్‌ది ఇంకో మలుపు. 1927లో ఇంగ్లండు నుంచి ఆంగ్లికన్ పాదిరిగా వచ్చాడు. విశ్వాసానికి ముందు చేసిన క్రియలు దేవుడికి ఇష్టం కావని ఆంగ్లికన్ సంఘపు 13వ మతసూత్రం చెబుతుంది. ఎల్విన్ మధ్యభారతంలోని మండ్లా గోండుల మధ్య వైద్యం, చదువు అందించాడు గాని మతం మార్చనన్నాడు. నాగపూర్ బిషప్ ఒప్పుకోలేదు. 1930ల మధ్యలో చర్చినే వదిలేశాడు, సేవను వదల్లేదు. తరవాత మన తూర్పు కనుమలకొచ్చి, 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకమే వేశాడు.

1964లో కాథలిక్కుల రెండో వాటికన్ మహాసభ కాస్త తలుపు తీసింది: తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివారు అంతరాత్మ మాట విని బతికితే వాళ్లకూ రక్షణ దొరకొచ్చంది. అయితే ప్రొటెస్టెంట్లలో చాలామందికి ఇది నేటికీ మింగుడుపడదు.

చిత్రమేమిటంటే, గిడుగు అక్షరాలు నేర్పించిన సవరల్లో తరవాతి తరాలు పెద్దఎత్తున బాప్టిస్టులయ్యాయి. పాత పూజలు వదిలారు, చనిపోయినవాళ్లతో మాట్లాడే ఆచారమూ పోయింది. ఆ నష్టాన్ని చాలామంది మిషన్ చరిత్రకారులు ఖర్చులో రాయలేదు. సేవ ఊరికే రాదన్న అనుమానం మన్యంలో ఇందుకే పుట్టింది. ఆ అనుమానం పూర్తిగా అన్యాయమనీ అనలేం.

మతం అడగని మేలు ఒకటుంది: 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు గిరిజనేతరులకు షెడ్యూల్డు ప్రాంతంలో గని లీజులు చెల్లవంది. బొర్రా గుహల చుట్టుపక్కల అనంతగిరి ఊళ్ల పోరాటమది. ఆ తీర్పు శంకుదేవుడికి మొక్కే ఇంటికీ, ఆదివారం ప్రార్థనకెళ్లే ఇంటికీ ఒకేలా వర్తిస్తోంది.