ఇంటి గుట్టుకు కాపలా, మనిషి గోప్యతకు కాదు: భారతీయ గోప్యతా హక్కు నడకపై ఒక పరిశీలన

ఎవరి కంట పడకుండా బతకాలన్న దగ్గరే సమాజాల దారులు చీలుతాయి. నార్వేలో పౌరుల ఆదాయం, కట్టిన పన్ను ప్రభుత్వ జాబితాల్లో ఇతరులు చూడవచ్చు. అయితే 2014 నుంచి, చూసినవారెవరో ఆ పౌరుడికి తెలుస్తుంది. అంటే అక్కడ జీతం దాచుకోవాల్సినదేమీ కాదు, చాటుగా చూడటమే తప్పు. నాజీ కాలపు చేదు మరవని పశ్చిమ జర్మనీ ప్రజలు 1983లో జనాభా లెక్కల ప్రశ్నావళినే ఎదిరించారు. తన వివరాలు ఎవరికి చేరాలో నిర్ణయించే హక్కు పౌరుడిదేనని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ డిసెంబరులో తీర్పు చెప్పింది. ఐరోపా గోప్యతలో మనిషి గౌరవాన్ని చూస్తుందని, అమెరికా ప్రభుత్వం నుంచి స్వేచ్ఛను చూస్తుందని న్యాయశాస్త్ర పండితుడు జేమ్స్ విట్‌మన్ 2004లో విభజించాడు. పనికొచ్చే విభజనే గానీ మన దేశానికి అతకదు. ఇక్కడ కాపలా ప్రధానంగా కుటుంబానిది.

పాత తెలుగు లోగిళ్లనే చూడండి. అరుగు దాకా వచ్చినవాడు మండువాలోకి రాకూడదు, మండువాలో కూర్చున్నవాడికి వంటింట్లోకి ప్రవేశం లేదు. కులం, వరస చూసి ఆ హద్దులు మారేవి. ఉమ్మడి కుటుంబాల దేశానికి గోప్యత పరాయి భావన అనేవారు ఈ కట్టడిని గమనించరు. అయితే ఇన్ని గడపలున్న ఇంట్లో కోడలికంటూ గడియ పెట్టుకునే తలుపు సాధారణంగా ఉండేది కాదు.

మన న్యాయస్థానాల్లోనూ ఇదే పోలిక కనిపిస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసు నుంచి సాక్ష్యం లేక బయటపడ్డ ఖడక్ సింగ్ ఇంటి తలుపును పోలీసులు రాత్రివేళల్లో తట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి సోదాలను కొట్టేసింది గానీ, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదంది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ జె.సి. షాతో కలిసి ఇక్కడే విభేదించారు. నిఘా నీడలో తిరిగేవాడి కదలిక మరబొమ్మ కదలికేనని, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమని ఆయన వాదన. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన వైపే నిలిచింది. పోలీసుపై ఈ గెలుపుకు యాభై అయిదేళ్లు పట్టింది. కలెక్టరుపై గెలుపు అంతకు ముందే వచ్చింది: కలెక్టరు పంపినవారెవరైనా బ్యాంకు పత్రాలు తిరగేయవచ్చన్న ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్ట సవరణను సుప్రీంకోర్టు 2004లో కెనరా బ్యాంకు కేసులో కొట్టేసింది. కాగితం బ్యాంకు చేతికి వెళ్లినంత మాత్రాన ఖాతాదారు గోప్యత పోదంది. అమెరికా సుప్రీంకోర్టు 1976లో దీనికి విరుద్ధంగా చెప్పింది.

కుటుంబం దగ్గరికి వచ్చేసరికే అడుగు తడబడింది. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద, కారణం లేకుండా విడిగా ఉంటున్న భార్యనో భర్తనో కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించవచ్చు. సరీత కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఈ సెక్షన్‌ను కొట్టేశారు. తన శరీరం గురించి, సంతానం గురించి స్త్రీ చేసుకోవాల్సిన నిర్ణయాన్ని ఈ సెక్షన్ ప్రభుత్వం చేతిలో పెడుతోందని, గోప్యతకు ఇంతకు మించిన భంగం లేదని ఆయన అభిప్రాయం. మన దేశంలో గోప్యతను ఇంటి గోడల నుంచి తీసి మనిషి ఒంటికి చేర్చిన తొలి తీర్పుల్లో ఇదొకటి. నా దృష్టిలో సుబ్బారావు తీర్పు కన్నా ఇదే సాహసం: ఆయన నిలదీసింది పోలీసును, చౌదరి నిలదీసింది సంసారాన్ని.

ఆ సాహసం ఎంతోకాలం నిలవలేదు. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు, వివాహబంధాన్ని నిలబెట్టడమే ఈ సెక్షన్ ఉద్దేశమంటూ చౌదరి అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. భారతీయ కుటుంబ వ్యవస్థ పేరుతో సమర్థించే ఈ ఏర్పాటు నిజానికి ఇంగ్లండు చర్చి న్యాయస్థానాల నుంచి వలస పాలనలో మనకొచ్చింది. ఇంగ్లండు 1970లో చట్టం చేసి దాన్ని వదిలించుకుంది. పుట్టస్వామి తీర్పు తర్వాత కూడా మన 9వ సెక్షన్ చట్టంలో అలాగే ఉంది.