బైకుల్లా గుడి, మన గల్లీలు

బొంబాయిలో ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి నాగ్‌పాడా మీదుగా బైకుల్లా వైపు నడిస్తే క్లేర్ రోడ్డులో క్రైస్ట్ చర్చి కనిపిస్తుంది. త్వరలో రెండు వందల ఏళ్లు నిండబోతున్న ఈ గుడి చరిత్రలో మన తెలుగువాళ్ల గల్లీల వాటా ఎంత?

ఈ నగరంలో ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండు చర్చి వాళ్ల, కథ కోట లోపల మొదలైంది. గవర్నర్ ఆంజియర్ కాలంలో పునాది పడిన సెయింట్ థామస్ గుడి దశాబ్దాల తరబడి మొండిగోడలతోనే నిలిచింది. రిచర్డ్ కాబ్ అనే పాదిరి చందాలు పోగుచేసి పూర్తిచేయించగా 1718 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. చర్చ్‌గేట్‌కు ఆ పేరు దాని వల్లే వచ్చింది.

బైకుల్లా గుడి మాత్రం బడి వెంట వచ్చింది. ఆర్చిడీకన్ జార్జ్ బార్న్స్ చొరవతో 1815లో ఏర్పడిన బాంబే ఎడ్యుకేషన్ సొసైటీ, పేద యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్ పిల్లలకు ఇక్కడ బడులు నడిపింది. 1830ల్లో వాటి పక్కనే గుడి లేచింది.

నిజాం రాజ్యం నుంచి వచ్చి, రాయీ మట్టీ మోసి ఈ నగరాన్ని నిలబెట్టిన మన తెలుగు కూలీలు, కామాఠీలు, అప్పటికే కూతవేటు దూరంలో కాపురముంటున్నారు. కానీ ఆ గుడి బల్లలు వాళ్లకోసం వేసినవి కావు.

తెలుగువాళ్లది అనదగ్గ ఆంగ్లికన్ సంఘం ఊళ్లవైపు పెరిగింది. తిరునల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. కూలీనాలీ చేసుకునే మాల, మాదిగ కుటుంబాలే ఆ సంఘానికి బలం. ఈ దేశపు వాస్తురీతులతో కట్టించిన దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది.

1947లో దక్షిణాది ఆంగ్లికన్లు ఇతర సంఘాలతో కలిసి సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) అయ్యారు. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఉత్తరాది సంఘాలు సి.ఎన్.ఐ. (ఉత్తర భారత సంఘం)గా ఏకమయ్యాయి. క్రైస్ట్ చర్చి ఇప్పుడు అందులో భాగం. ఊళ్లో సి.ఎస్.ఐ. బాప్తిస్మం పొంది పనికోసం బొంబాయి వచ్చిన తెలుగువాడికి ఇది పరాయి గుడి కాదు, సోదర సంఘపు గుడే.

దొరల పేర్లు గోడల మీది ఫలకాల్లో ఉంటాయి. మనవాళ్ల పేర్లు మనమే రాసుకోవాలి. మీ ఇంటి పెద్దలు ఏ ఊరి నుంచి, ఏ ఏడు వచ్చారో, ఏ పని చేశారో, ఏ గుడిలో ఆరాధనకు కూర్చున్నారో కాగితం మీద పెట్టి మీ సంఘానికి ఇవ్వండి. వచ్చే సంచికలో ఆ చరిత్ర అచ్చు కావాలి.